రూలు అందరికీ తెలుసు, మినహాయింపు ఎవరికి తెలుసు?



విదేశాల నుంచి సెలవులకు వచ్చిన మన పిల్లల నోట ఇప్పుడు ఒకటే మాట. "అక్కడ రూలు అంటే రూలే నాన్నా, ఇక్కడిలాగా కాదు." సింగపూర్ నుంచి వచ్చినవాడూ అదే అంటాడు, జర్మనీ నుంచి వచ్చిన అమ్మాయీ అదే అంటుంది. దుబాయి నుంచి వచ్చినవాడు ఇంకాస్త గట్టిగా అంటాడు. మనం తల ఊపి, "అక్కడ భయం ఉంది, అందుకే" అని ఒక మాట కలుపుతాం. ఆ అబ్బాయే సాయంత్రం హెల్మెట్ లేకుండా బండి తీసి మార్కెట్టుకు వెళ్తాడు, అది వేరే సంగతి.

ఈ భయం మాట మేము ఒప్పుకోము. ముప్పై నాలుగేళ్ళు టికెట్ కౌంటరు వెనక కూర్చున్నవాళ్ళం. పెద్ద శిక్ష రాసి పెడితే జనం భయపడతారన్నది నిజమైతే మన రైళ్ళలో ఎవరూ గొలుసు లాగకూడదు. సరైన కారణం లేకుండా గొలుసు లాగితే ఏడాది దాకా జైలు, లేదా 1000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని 1989 రైల్వే చట్టంలోనే ఉంది. ప్రతి పెట్టెలోనూ గొలుసు పక్కనే ఆ హెచ్చరిక రాసి ఉంటుంది. తమ్ముడు ఇంకా ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడని, ఇడ్లీ పొట్లం చేతికి రాలేదని దాన్ని లాగేవాళ్ళు లాగుతూనే ఉన్నారు. శిక్ష ఎంత పెద్దదని కాదు, అది తన దాకా వస్తుందా రాదా అన్నదే మనిషి లెక్క వేసుకునేది.

విదేశంలో ఉన్న మనవాళ్ళు చూసేది కూడా భయం కాదని మా అభిప్రాయం. వాళ్ళు చూసేది ఇంకొకటి ఉంది, దానికి వాళ్ళే సరైన పేరు పెట్టలేకపోతున్నారు.

మా అమ్మాయి, అల్లుడు పదకొండేళ్ళుగా సింగపూర్‌లో ఉన్నారు. మేమిద్దరం మూడుసార్లు వెళ్ళి వచ్చాము. మేము చదివింది తమిళ మీడియం, ఇంగ్లీషు ఆఫీసులో పని చేస్తూ నేర్చుకున్నది. ఆ ఊళ్ళో మాకు అదే కలిసొచ్చింది. అక్కడ చాలాచోట్ల హెచ్చరికలు నాలుగు భాషల్లో ఉంటాయి, ఇంగ్లీషు, చైనీస్, మలయ్, తమిళం. కాబట్టి ఏ గోడ మీద ఏది చేయకూడదని రాసి ఉందో అల్లుడికంటే మేమే ముందు చదివేసేవాళ్ళం. ఒక చిన్న తమాషా. తమిళంలో 'అపరాదం' అంటే జరిమానా. మన తెలుగులో 'అపరాధం' అంటే తప్పు. మాట ఒకటే, ఒక భాషలో చేసిన పని, ఇంకో భాషలో దానికి కట్టే డబ్బు. మా ఆవిడ మొదటిసారి ఆ బోర్డు చూసి "ఇంత చిన్నదానికి అపరాధమా!" అంది. తెలుగులో అన్నదో తమిళంలో అన్నదో మాకు ఇప్పటికీ తెలియదు.

అక్కడి మెట్రో రైల్లో తింటే, తాగితే 500 డాలర్ల దాకా జరిమానా. మంచినీళ్ళు తాగినా తాగినట్టే లెక్క. పొగ తాగితే 1000 డాలర్ల దాకా. దురియన్ పండు తేకూడదని బొమ్మ వేసి మరీ చెప్తారు. చూయింగ్ గమ్ అమ్మకం 1992లో ఆపేశారు. 2004లో అమెరికాతో వాణిజ్య ఒప్పందం వచ్చాక మందుగా పనికొచ్చే రకాలను మాత్రం మందుల షాపుల్లో అమ్మనిచ్చారు. ఇవన్నీ మనవాళ్ళు ఫోటోలు తీసి పంపేవే, కొత్తేమీ కాదు. మాకు నచ్చింది వీటిలో ఏదీ కాదు, పళ్ళేల రూలు.

అక్కడ హాకర్ సెంటర్ అని ఉంటాయి, మన టిఫిన్ సెంటర్లు యాభై ఒకే కప్పు కింద పెట్టినట్టు. తిన్న పళ్ళెం తీసుకెళ్ళి స్టాండులో పెట్టాలని ఏళ్ళ తరబడి బతిమాలారు, జనం వినలేదు. 2021 జూన్ 1న దాన్ని రూలు చేశారు. అయితే ఆగస్టు ఆఖరు దాకా ఎవరి మీదా చర్య లేదు, చెప్పడం మాత్రమే. సెప్టెంబరు 1 నుంచి హాకర్ సెంటర్లలో అమలు, 2022 జనవరి 1 నుంచి కాఫీ షాపుల్లో, ఫుడ్ కోర్టుల్లో కూడా. మొదటిసారి పట్టుబడితే రాతపూర్వక హెచ్చరిక, రెండోసారి 300 డాలర్లు. దీంతోపాటే ఇంకో మాట కూడా ముందే ప్రకటించారు. నడవలేని వృద్ధులు, వికలాంగులు, చిన్న పిల్లలు పెట్టకపోతే వాళ్ళ మీద చర్య ఉండదు.

మా ఆవిడకు మోకాళ్ళు రెండూ పోయాయి, చేతికర్ర లేకుండా నాలుగడుగులు వెయ్యలేదు. ఒకరోజు మధ్యాహ్నం మేము చేతులు కడుక్కోవడానికి వెళ్ళి ఆలస్యమయ్యాము. ఆమె పళ్ళెం బల్ల మీదే వదిలి లేచింది. శుభ్రం చేసే ఆవిడ వచ్చి తీసుకుపోయింది, ఒక మాట లేదు, ఒక చూపు లేదు. మేము ఎవరికీ చెప్పుకోవలసిన పని రాలేదు. "పెద్దావిడ కదా, పోనిద్దురూ" అని ఎవరి చేతా అనిపించుకోవలసిన పనీ రాలేదు. ఆ వీలు మా ఆవిడ ముఖం చూసి ఇచ్చింది కాదు. ఆమె ఆ ఊరికి వెళ్ళకముందే రాసి ఉన్నది.

ఇక జర్మనీ. మా అక్క కొడుకు మ్యూనిక్‌లో ఉన్నాడు, ఏడేళ్ళయింది. ఆ ఊళ్ళో మెట్రో స్టేషనుకు గేటు లేదని వాడు మొదట చెప్పినప్పుడు మేము నమ్మలేదు. టికెట్ చూసే గేటూ లేదు, తిరిగే కడ్డీ లేదు, నేరుగా నడిచి బండి ఎక్కొచ్చు. మా వృత్తికే అవమానం! కానీ ఎప్పుడో ఒకప్పుడు మామూలు చొక్కా వేసుకున్న మనిషి లేచి కార్డు చూపించి టికెట్ అడుగుతాడు. లేకపోతే 60 యూరోలు. 2015 దాకా అది 40గా ఉండేది. టికెట్ కొని మిషన్లో ముద్ర వేయకపోయినా 60 యూరోలే. కొత్తగా వచ్చాను, తెలియదు, భాష రాదు అంటే వినరు. కొత్తగా వెళ్ళిన మన విద్యార్థులు దీనికి దొరికి ఏడ్చిన కథలు వాడి దగ్గర చాలా ఉన్నాయి.

మాకు ఆసక్తి కలిగించింది దాని తర్వాతి భాగం. మా మేనల్లుడికి తన పేరు మీద నెలవారీ పాసు ఉంది. ఒకరోజు ఇంట్లో మరిచిపోయాడు, ఆ రోజే చెకింగ్ వచ్చింది. 60 యూరోల చీటీ చేతిలో పెట్టారు. అయితే పేరున్న పాసు కాబట్టి వారంలోగా ఆఫీసుకు తెచ్చి చూపిస్తే 60 కాస్తా 7 యూరోలు అవుతుంది, అదీ రూలే. వాడు తెచ్చి చూపించాడు, 7 కట్టాడు, పనికి పోయాడు. "ఎవరికైనా ఫోన్ చేశావా రా?" అని అడిగాము, మన అలవాటు కొద్దీ. "ఫోన్ చెయ్యడానికి నాకు అక్కడ ఎవరున్నారు మామా?" అన్నాడు.

ఈ ఒక్క మాట దగ్గర మనం కాసేపు ఆగాలి. విదేశంలో ఉన్నవాడికి పెద్దనాన్న కౌన్సిలరు కాడు, బావమరిది స్టేషన్‌లో రైటరు కాడు. "మీది ఏ ఊరు, ఎవరి అబ్బాయివి" అని అడిగి చీటీ చింపేసేవాడు లేడు. కాబట్టి వాడికి రూలు ఎంత గట్టిదన్నది రెండో ప్రశ్న. ఆ రూలు పక్కవాడికి ఎలా ఉందో తనకూ అలాగే ఉందా, తప్పించుకునే దారి ఉంటే అది తనకూ కనిపించే చోట రాసి ఉందా, ఇది మొదటి ప్రశ్న. సిఫార్సు లేనివాడికి అంతకుమించి వేరే ఆస్తి లేదు. పిల్లలు 'రూలంటే రూలే' అని మెచ్చుకునేది దీన్నే. కాకపోతే వాళ్ళు రూలును పొగుడుతారు, పొగడవలసింది బహిరంగంగా రాసి పెట్టిన మినహాయింపును.

మినహాయింపు లేని రూలు ఎక్కడా ఉండదు, ఉండకూడదు కూడా. మన రైల్వేలోనూ ఉంది. టికెట్ లేకుండా పట్టుబడితే ప్రయాణ ఛార్జీ కాక అంతే మొత్తం, లేదా 250 రూపాయలు, ఏది ఎక్కువైతే అది కట్టాలి. ఇది అందరికీ తెలుసు. కానీ టికెట్ కొనడానికి వీలు కాలేదని బండి ఎక్కేముందే గార్డుకు చెప్పి, ఆయన దగ్గర సర్టిఫికేట్ రాయించుకుంటే ఆ అదనపు మొత్తం లేదు, ఛార్జీ కడితే చాలు. ఇది ఎందరికి తెలుసు? చేతులెత్తండి చూద్దాం. మా సర్వీసు మొత్తంలో అలా రాయించుకున్న ప్రయాణికులను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. పుస్తకంలో తలుపు ఉంది, జనానికి తెలియదు. జనానికి తెలిసిన తలుపు వేరు. "స్టాఫ్" అని ఒక్క మాట అనడం, లేదంటే ఫోన్ తీసి "సార్, ఒక్క నిమిషం మాట్లాడండి" అని చేతికివ్వడం. సంతకు పోయి వచ్చే ముసలమ్మకు మొదటి తలుపూ తెలియదు, రెండోదానికి తాళంచెవీ లేదు. కాబట్టి కొంగుముడి విప్పి 250 కట్టేది ఆమే. ముఖం చూసి బొట్టు పెట్టడమంటే ఇదే.

అయితే పిల్లలు చెప్పినదంతా తీపి అని మేము అనడం లేదు. చేదు కూడా రాయాలి.

సింగపూర్‌లో అమలు సమానమే, కానీ రాత అందరికీ ఒకటి కాదు. మా అల్లుడిది ఎంప్లాయ్‌మెంట్ పాసు. మన పుదుక్కోట్టై, రామనాథపురం కుర్రాళ్ళు, ఆంధ్రా తెలంగాణా నుంచి వెళ్ళిన కుర్రాళ్ళు, నిర్మాణం పనుల్లో, ఓడల మరమ్మతు యార్డుల్లో ఉన్నవాళ్ళు, వాళ్ళది వర్క్ పర్మిట్. అలాంటి ఒక్కొక్కరి పేరు మీద యజమాని 5000 డాలర్ల హామీ బాండు ఇవ్వాలి. వర్క్ పర్మిట్ మీద ఉన్నవాడు అక్కడి పౌరురాలిని పెళ్ళి చేసుకోవాలంటే ప్రభుత్వం అనుమతి కావాలి, మా అల్లుడిలాంటివాడికి ఆ పని లేదు. ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళకు ఆరు నెలలకోసారి వైద్య పరీక్ష, అందులో గర్భం ఉందా అని కూడా చూస్తారు. 2013 డిసెంబరులో లిటిల్ ఇండియాలో గొడవ జరిగాక వచ్చిన 2015 చట్టం ప్రకారం ఊరంతటా రాత్రి పదిన్నర తర్వాత బహిరంగంగా మద్యం తాగకూడదు. లిటిల్ ఇండియాలోనూ, గేలాంగ్‌లోనూ మాత్రం శనివారం ఉదయం 7 నుంచి సోమవారం ఉదయం 7 దాకా అసలే తాగకూడదు. తాగడాన్ని మేము వెనకేసుకురావడం లేదు. ఆదివారం ఒక్కటే సెలవు దొరికే మనిషి ఎక్కడ కూర్చుంటాడో అక్కడ రూలు ఎక్కువ గట్టిగా ఉంది, అది గమనించమంటున్నాము. కరోనా వచ్చిన 2020లో డార్మిటరీల్లో ఉన్న కార్మికులను ఊరి జనానికంటే చాలా ఎక్కువ కాలం బయటికి రానివ్వలేదు. 2022లో కూడా ఆదివారం లిటిల్ ఇండియా వెళ్ళాలంటే డార్మిటరీ కార్మికుడు ముందుగా పాసు తీసుకోవలసి వచ్చింది. అదే ఆదివారం మా అల్లుడు అక్కడే సెరంగూన్ రోడ్డులో పెరుమాళ్ గుడికి పోయి, మల్లెపూలు కొనుక్కుని, ఏ పాసూ లేకుండా ఇంటికి వచ్చాడు.

కాబట్టి "అక్కడ అందరికీ ఒకటే రూలు" అని ఎంప్లాయ్‌మెంట్ పాసు ఉన్నవాడు చెప్తే సగం నిజం. మిగతా సగం వర్క్ పర్మిట్ ఉన్నవాడిని అడగాలి. వాడు సెలవుకు రెండేళ్ళకోసారి వస్తాడు, వచ్చినా మన సమావేశాల్లో ముందు వరసలో కూర్చోడు.

జర్మనీలోనూ అంతే. టికెట్ లేకుండా తిరగడం అక్కడ నేరం కింద కూడా వస్తుంది. కోర్టు వేసిన జరిమానా కట్టలేనివాడు జైలుకు పోతాడు. డబ్బున్నవాడికి 60 యూరోల చిరాకు, లేనివాడికి జైలు గది. ఇది మార్చాలని అక్కడివాళ్ళే అడుగుతున్నారు, చందాలు వేసి అలాంటివాళ్ళను విడిపిస్తున్నవాళ్ళూ ఉన్నారు. చెకింగ్‌కు వచ్చినప్పుడు మన రంగు ముఖాల దగ్గరికే ముందు వస్తారని మన పిల్లలు కొందరు అంటారు. మా మేనల్లుడు మాత్రం తనకు అలా జరగలేదంటాడు.

సిఫార్సు అక్కడ బొత్తిగా లేదని కూడా అనుకోకండి. 1994లో 18 ఏళ్ళ అమెరికా కుర్రాడు మైకేల్ ఫే కార్ల మీద రంగు చల్లినందుకు సింగపూర్ కోర్టు జైలుతోపాటు ఆరు బెత్తం దెబ్బలు వేసింది. అమెరికా అధ్యక్షుడు క్లింటన్ స్వయంగా అడిగారు. ఆరు నాలుగయ్యాయి. అంత పెద్ద సిఫార్సుకు తగ్గింది రెండు దెబ్బలు! మన దగ్గర వార్డు స్థాయి మనిషి ఫోన్ చేస్తే ఆరుకు ఆరూ పోయి, కొట్టవలసినవాడికే బదిలీ అవుతుంది. బెత్తంతో కొట్టడం మాకు నచ్చే శిక్ష కాదు, అది వేరే చర్చ.

ఇదంతా మన సంఘానికి ఎందుకు అంటారేమో. ఈ దేశంలో తమిళుల మధ్య వందల ఏళ్ళుగా బతుకుతున్న తెలుగువాళ్ళం మనం. పాస్‌పోర్టు మీద విదేశీయులం కాము, కానీ ముఖం చూసి ఇచ్చే వరం ఎంత నిలకడ లేనిదో మనకంటే బాగా ఎవరికి తెలుసు? 2006 తమిళ అభ్యసన చట్టం వచ్చాక పదో తరగతి పరీక్షలో తమిళం పేపరు నుంచి భాషా మైనారిటీ పిల్లలకు మినహాయింపు కోసం కోర్టు మెట్లు ఎన్నిసార్లు ఎక్కాం? ఒక ఏడాదికి వస్తుంది, మళ్ళీ అడగాలి. తమిళం నేర్చుకోవద్దని మేము ఎన్నడూ అనలేదు, మేము చదివిందే అందులో. మా బాధ అది కాదు. ఏప్రిల్లో పరీక్ష రాయబోయే బిడ్డకు జనవరిలో కూడా ఏ పేపరు రాయాలో తెలియకపోవడం. ఆ వేదన పడినవాళ్ళం మన ఇంట్లో మనం ఏం చేస్తున్నామో చూడండి.

మన కల్యాణ మండపంలో రాత్రి 10 గంటలకు మైకు ఆపాలని రూలు ఉంది. దాటితే 5000 రూపాయల డిపాజిట్ తిరిగి రాదు. మంచి రూలే. వాకిట్లో పందిరికి కట్టే స్పీకర్ల వల్ల వెనక వీధి తమిళ కుటుంబాలకు నిద్ర ఉండేది కాదు, పిల్లల పరీక్షలు పాడయ్యేవి. దేశం మొత్తానికి వర్తించే 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల్లోనూ రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్ కూడదు. పండుగలకు, సాంస్కృతిక కార్యక్రమాలకు ఏడాదికి 15 రోజులు మించకుండా 12 గంటల దాకా రాష్ట్ర ప్రభుత్వం అనుమతి ఇవ్వొచ్చని అందులోనే రాశారు. చూశారా, అక్కడ కూడా మినహాయింపు రాసే ఉంది.

పోయిన ఆవణి నెలలో ఏం జరిగింది? ఆటో నడిపే మన సభ్యుడొకరి కూతురి రిసెప్షన్. మైకు పదీ ఇరవైకి ఆగింది. 5000 పట్టుకున్నారు. రూలు ప్రకారం సరే. మూడు వారాలకు ఇంకో పెద్ద ఇంటివాళ్ళ వేడుక. పాటల బృందం పదకొండూ ముప్పావు దాకా పాడింది. డిపాజిట్ పూర్తిగా తిరిగి ఇచ్చారు. అడిగితే "భోజనశాల కట్టించింది ఆయనే కదా" అన్నారు. భోజనశాల గొప్ప దానమే, అందులో ఎన్నో పంక్తులు తిన్నాం, కాదనము. కానీ ఆ ఆటో సభ్యుడు గొడవ పెట్టలేదు, ఉత్తరం రాయలేదు. ఈ ఏడాది చందా మాత్రం కట్టలేదు. ఆయన తండ్రి మన సంఘం మొదటి రసీదు పుస్తకంలో పేరున్న మనిషి.

కమిటీ మీద మాకు కోపం లేదు, వాళ్ళు జీతం లేకుండా కష్టపడేవాళ్ళు. వచ్చే నెల జనరల్ బాడీలో మేము పెట్టబోయే తీర్మానం ఇది. మొదటిది, ఆ రెండు కుటుంబాల విషయంలో ఒకటే చెయ్యండి. ఇద్దరి దగ్గరా 5000 పట్టుకోండి, లేదా ఆయనకు తిరిగి ఇచ్చినట్టే ఈయనకూ ఇవ్వండి. ఇకపై పది గంటల రూలు ఎవరికైనా పది గంటలే. రాత్రి ముహూర్తం ఉన్న పెళ్ళికి నాదస్వరం వరకు, మైకు లేకుండా, ముహూర్తం అయ్యేదాకా అనుమతి. కరెంటు పోయి జనరేటరు అందుకోకపోతే పోయినంత సేపు, అరగంట మించకుండా, కలిపి ఇవ్వాలి. ఇవి తప్ప వేరే మినహాయింపు అధ్యక్షుడు కూడా ఇవ్వకూడదు. దాతలకు గౌరవం చెయ్యాలంటే అద్దెలో రాయితీ ఇద్దాం, ఎంత శాతమో అందరికీ కనిపించేలా రాసి. మైకులో వద్దు.

ఈ నాలుగు మాటలూ ఆఫీసు ఫైల్లో ఉంటే లాభం లేదు, మండపం వాకిట్లో బోర్డు మీద ఉండాలి. ఆ బోర్డు ఖర్చు మేము ఇస్తాము. తెలుగులోనూ తమిళంలోనూ రాయించాలి. మైకు సెట్టు కుర్రాళ్ళకు తెలుగు చదవడం రాదు, పది గంటలకు స్విచ్ ఆపవలసింది వాళ్ళే.